ఆ కాగితం చేతికొచ్చే దాకా...

టీవీ తెర అడుగున పేరు పక్కన 'విజయం' అని పడుతుంది. అంతే, వీధి చివర టపాసుల మోత మొదలు. రంగులు జల్లుకోవడాలు, మిఠాయిలు తినిపించుకోవడాలు, గజమాల ఎత్తడానికి క్రేను కోసం ఫోన్లు... తమాషా ఏమిటంటే, అప్పటికి ఆయన ఇంకా గెలవలేదు! ఊరవతల ఏ ఇంజినీరింగ్ కళాశాలలోనో, పాలిటెక్నిక్‌లోనో ఉన్న లెక్కింపు కేంద్రంలో రిటర్నింగ్ అధికారి (అందరి నోటా ఆర్వో) ఫారం 21సి మీద సంతకం చేసేదాకా చట్టం దృష్టిలో ఆయన వట్టి అభ్యర్థే.

చాలాచోట్ల ఈ తేడా ఎవరికీ పట్టదు. 2024లో గాజువాకలో పల్లా శ్రీనివాసరావుకి 95 వేల పైచిలుకు ఆధిక్యం వచ్చింది. అలాంటి చోట సంతకం మధ్యాహ్నం పడినా సాయంత్రం పడినా ఒకటే. 2019లో విజయవాడ సెంట్రల్ సంగతి అలా కాదు. వైకాపా అభ్యర్థి మల్లాది విష్ణు తెదేపా అభ్యర్థి బొండా ఉమామహేశ్వరరావు మీద గెలిచింది 25 ఓట్లతో. పాతిక మందంటే ఓ అపార్టుమెంటులో రెండంతస్తుల జనం. అలాంటి రోజున ఏ కాగితం మీద ఎవరు ఏం రాశారు, దాన్ని ఎవరు చూశారు, ఎవరు చూడకుండా వదిలేశారు అన్నదే ఐదేళ్ల పదవిని తేల్చేస్తుంది.

రాత్రి వేళ రాసిన అంకె

ఓట్ల లెక్కింపు అనగానే అందరికీ ఫలితాల రోజే గుర్తొస్తుంది. నిజానికి అది పోలింగు నాటి రాత్రే, ఏ ప్రాథమిక పాఠశాల గదిలోనో మొదలైపోతుంది. ఆఖరి ఓటరు వెళ్లిపోయాక ప్రిసైడింగ్ అధికారి కంట్రోల్ యూనిట్ మీద 'క్లోజ్' మీట నొక్కుతారు. ఇక ఆ యంత్రం మరో ఓటు తీసుకోదు. ఎన్ని ఓట్లు పడ్డాయో చూపిస్తుంది గానీ ఎవరికెన్నో చెప్పదు. ఆ మొత్తాన్ని, యంత్రం నంబరుని, సీళ్ల నంబర్లని ఫారం 17సిలో రాసి సంతకం చేసి, అప్పటిదాకా కూర్చున్న ప్రతి పోలింగ్ ఏజెంటుకీ ఓ నకలు ఇవ్వాలి. అందినట్టు వాళ్ల సంతకమూ తీసుకోవాలి. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నిబంధనల్లో 49ఎస్ చెప్పేది ఇదే.

చూడ్డానికి మామూలు కాగితం. కానీ ఈవీఎం మార్చేశారు, స్ట్రాంగ్‌రూంలో ఏదో చేసేశారు అని టీ కొట్టు దగ్గర వినిపించే అనుమానాలన్నిటికీ మొదటి కొలబద్ద ఇదే. లెక్కింపు రోజు బల్ల మీదికి వచ్చే యంత్రం నంబరు ఈ కాగితంలోని నంబరుతో కలవాలి. సీలు నంబరు కలవాలి. చివరికి మొత్తం ఓట్ల అంకె కూడా కలవాలి. నకలు దాచుకున్న ఏజెంటుకి అడిగే హక్కు ఉంటుంది, చూపించే రుజువూ ఉంటుంది. పొద్దున ఐదున్నరకి మాక్ పోలింగుకి వచ్చి, సాయంత్రమయ్యేసరికి ఓపిక అయిపోయి ఇంటిదారి పట్టిన ఏజెంటు ఉన్నాడనుకోండి... ఆ పార్టీ చేతిలో ఆ కేంద్రం లెక్క లేనట్టే. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో 46 వేలకు పైగా పోలింగ్ కేంద్రాలు ఉన్నాయి. సభలకి లక్షల మందిని తోలే పార్టీలు, అన్ని వేల కాగితాలనీ భద్రంగా ఒకచోట పోగు చేసుకోవడంలో మాత్రం అంత శ్రద్ధ చూపవు. ఫలితం తేడా కొట్టాక వెతుక్కోవడం మొదలుపెడతాయి.

ఈ ఫారం 17సి అంకెలన్నీ ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో పెట్టాలని 2024లో సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ఏజెంట్లకు ఇవ్వమనే నిబంధన చెబుతోంది తప్ప లోకమంతటికీ చూపమని కాదన్నది సంఘం వాదన. ఎన్నికలు నడుస్తున్నాయి కాబట్టి అప్పటికప్పుడు ఆదేశాలివ్వలేమని కోర్టు ఆ ఏడాది మే 24న చెప్పింది. అంకె అంకెలా ఉన్నప్పుడు అందరికీ చూపిస్తే పోయేదేముందన్న ప్రశ్న మాత్రం అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు.

అక్కణ్నుంచి యంత్రాలు స్ట్రాంగ్‌రూంకి చేరతాయి. రెండు తాళాలు, తలుపుకి సీలు, కేంద్ర బలగాల కాపలా, సీసీ కెమెరాలు. అభ్యర్థులు కావాలంటే తమ సీలు కూడా వేసుకోవచ్చు. తమ మనుషుల్ని బయట కాపలా పెట్టుకోవచ్చు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఏప్రిల్ 11న పోలింగ్, మే 23న లెక్కింపు. మధ్యలో 42 రోజులు! మండుటెండల్లో షామియానాల కింద పేకముక్కలతో కాలక్షేపం చేస్తూ తలుపు వంక చూస్తూ కూర్చున్న కార్యకర్తల్ని చూసి నవ్వుకున్నవాళ్లు ఉన్నారు. కానీ తాళం వేసినప్పుడు ఉన్న మనిషే తాళం తీసేటప్పుడూ ఉంటే సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి.

జాలీకి ఇవతల

లెక్కింపు రోజు. ఏ బల్ల దగ్గర ఎవరు కూర్చోవాలో సిబ్బందికి ఆ తెల్లవారుజాము దాకా తెలియదు. కంప్యూటరు తీసిన చిట్టీలే తేలుస్తాయి. ఒక్కో బల్లకి ఓ సూపర్‌వైజరు, ఓ సహాయకుడు, ఓ సూక్ష్మ పరిశీలకుడు. ఇనుప జాలీకి ఇవతల పార్టీల కౌంటింగ్ ఏజెంట్లు. చేతిలో ఫోను ఉండకూడదు. కాగితం, పెన్ను, 17సి నకలు... అంతే వాళ్ల ఆయుధాలు. ఎమ్మెల్యేలు, మంత్రులు, గన్‌మెన్ ఉన్నవాళ్లు ఏజెంట్లుగా పనికిరారు. ఓటు రహస్యాన్ని కాపాడాలన్న 128వ సెక్షన్‌ని ఆర్వో పైకి చదివి వినిపించాకే పని మొదలవుతుంది.

ఉదయం 8 గంటలకు ముందుగా పోస్టల్ బ్యాలెట్లు. అసలు తలనొప్పి వీటితోనే. ఈవీఎంలో చెల్లని ఓటు ఉండదు. పోస్టల్ బ్యాలెట్‌లో చెల్లకపోవడానికి కారణాలు బోలెడు. బయటి కవరులో ధ్రువీకరణ పత్రం లేకపోయినా, దాని మీద గెజిటెడ్ అధికారి సంతకం లేకపోయినా, ఓటున్న లోపలి కవరు తెరవకుండానే పక్కన పెట్టేస్తారు. ఎన్నికల విధులకి వెళ్లి ఊరందరి చేతా ఓటేయించిన టీచరు ఓటే ఇలా చెత్తబుట్ట పాలవుతుందన్నమాట. సంతకం ఉండి, అధికారి ముద్ర లేకపోతే? సరిగ్గా ఈ ప్రశ్న మీదే 2024 జూన్ 4 లెక్కింపుకి రెండు మూడు రోజుల ముందు ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద రగడ. ముద్ర లేకున్నా చెల్లుతుందన్న ఎన్నికల సంఘం మాట మీద వైకాపా హైకోర్టుకి వెళ్లింది, అక్కణ్నుంచి సుప్రీంకోర్టుకి వెళ్లింది. రెండు చోట్లా జోక్యానికి నిరాకరించారు. రబ్బరు స్టాంపు కోసం దేశ అత్యున్నత న్యాయస్థానం తలుపు తట్టాల్సి రావడం వింతగా కనిపించొచ్చు. కానీ పాతిక ఓట్లతో సీటు తేలే రాష్ట్రంలో స్టాంపుకీ విలువ ఉంటుంది.

అందుకే ఇంకో నిబంధన కూడా ఉంది. గెలిచిన తేడా కంటే చెల్లవని పక్కన పెట్టిన పోస్టల్ బ్యాలెట్లు ఎక్కువ ఉంటే, ఫలితం ప్రకటించే ముందు వాటన్నిటినీ ఆర్వో, పరిశీలకుడు మళ్లీ చూసి తీరాలి. 2025 బిహార్ ఎన్నికలకు ముందు ఎన్నికల సంఘం మరో మెలిక చేర్చింది. పోస్టల్ బ్యాలెట్ల లెక్క పూర్తయ్యేదాకా ఈవీఎంల చివరి నుంచి రెండో రౌండు మొదలుపెట్టకూడదని. యంత్రాల లెక్క తేలిపోయి, ఎన్ని ఓట్లు కావాలో తెలిసిపోయాక కవర్లు విప్పుతుంటే ఎవరి చెయ్యి ఎటు వంగుతుందోనన్న భయం ఇక ఉండదు. 2019కి ముందు ఉన్న పద్ధతే ఇది. తీసేశారు, మళ్లీ తెచ్చారు.

ఎనిమిదిన్నరకి యంత్రాలు. మామూలుగా హాల్లో 14 బల్లలు. నియోజకవర్గంలో 280 కేంద్రాలుంటే 20 రౌండ్లు. బల్ల మీదికి వచ్చేది కంట్రోల్ యూనిట్ ఒక్కటే, పక్కన దాని 17సి. నంబరు, సీళ్లు ఏజెంట్లకి చూపించి 'రిజల్ట్' మీట నొక్కుతారు. మొదట మొత్తం ఓట్లు, తర్వాత అభ్యర్థుల వరుసలో ఎవరికెన్ని అన్నది తెర మీద ఒకటొకటిగా వెళ్లిపోతుంది. జాలీ అవతల చిన్న తెర, ఇవతల నలుగురి తలలు. రాసుకోలేకపోతే మళ్లీ నొక్కి చూపించమని అడగొచ్చు. మొహమాటపడి పక్క పార్టీ వాడి కాగితంలో చూసి ఎక్కించుకునే ఏజెంటుని పెట్టుకున్న అభ్యర్థి ఓడితే యంత్రాన్ని అని లాభం లేదు. ప్రతి రౌండులోనూ పరిశీలకుడు ఏవో రెండు యంత్రాలను తీసి తన తరఫున విడిగా లెక్క సరిచూసుకుంటారు. ఆ తర్వాతే ఆ రౌండు అంకెలు బోర్డు మీదికి ఎక్కుతాయి.

అన్ని యంత్రాలూ బుద్ధిగా ఉండవు. ఒక్కోసారి తెర వెలగదు. ఒక్కోసారి పొద్దున మాక్ పోలింగులో వేసిన 50 ఓట్లు చెరపడం మరిచిపోయి ఉంటారు, మొత్తం 17సితో కలవదు. ఒక్కోసారి 'క్లోజ్' నొక్కనే నొక్కరు. అలాంటి వాటిని ఆర్వో దగ్గర పక్కన పెట్టి మిగిలినవి లెక్కిస్తారు. తెర వెలగని యంత్రానికి వీవీప్యాట్ చీటీలే గతి. లెక్క కలవని యంత్రాల్లో ఉన్న ఓట్లకంటే గెలిచిన తేడా ఎక్కువైతే వాటి జోలికి పోనక్కర్లేదు. సమానమైనా, తక్కువైనా చీటీలు బయటికి తీయాల్సిందే.

చీటీల లెక్క ఇక్కడితో అయిపోదు. యంత్రాల పని ముగిశాక పోలింగ్ కేంద్రాల నంబర్లు రాసిన తెల్ల కార్డులు మడిచి డబ్బాలో వేసి, లాటరీలో ఐదు తీస్తారు. ఆ ఐదు కేంద్రాల చీటీలను బ్యాంకు క్యాషియర్ గదిలాంటి జాలీ గూటిలో కూర్చుని ఒక్కొక్కటీ లెక్కిస్తారు. అంతకుముందు ఒక్క కేంద్రమే ఉండేది. సగం కేంద్రాల చీటీలు లెక్కించాలంటూ చంద్రబాబునాయుడు సహా 21 మంది ప్రతిపక్ష నేతలు సుప్రీంకోర్టుకి వెళ్తే 2019 ఏప్రిల్ 8న కోర్టు దాన్ని ఐదు చేసింది. ఆంధ్రప్రదేశ్‌లోని 175 స్థానాలకీ కలిపితే అసెంబ్లీ ఓట్లకు సంబంధించి 875 కేంద్రాలన్నమాట. యంత్రానికీ చీటీలకీ తేడా వస్తే నెగ్గేది చీటీయే. నిబంధన 56డి ఆ మాట స్పష్టంగా రాసింది. హైదరాబాద్ ఈసీఐఎల్‌లోనూ బెంగళూరు బీఈఎల్‌లోనూ తయారైన యంత్రాన్ని, ఏడు సెకన్లు కనిపించి డబ్బాలో పడే కాగితం ముక్క ఓడించగలదు.

పాత బ్యాలెట్ పత్రాల రోజులతో పోలిస్తే ఇదంతా ఎంతో వేగం. కానీ ఒక విషయంలో పల్లెటూరి ఓటరు నష్టపోయాడు. అప్పట్లో పలు కేంద్రాల బ్యాలెట్లను కలగలిపి లెక్కించే వీలుండేది. ఏ ఊరు ఎటు మొగ్గిందో కచ్చితంగా చెప్పడం కష్టం. ఇప్పుడు ఏ కేంద్రంలో ఎవరికెన్నో ఫారం 20లో వరసగా అచ్చవుతుంది. 'మీ వీధిలో నాకు పడ్డవి నలభయ్యేగా, ఇక రోడ్డెందుకు?' అని అడగాలనుకున్న నాయకుడికి కావాల్సిన లెక్క ప్రభుత్వమే చేతికిస్తోంది. కొన్ని యంత్రాలను కలిపి మొత్తం మాత్రమే చూపే టోటలైజర్ పెడదామని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. లా కమిషన్ 2015లో సరేనంది. కేంద్రం ఒప్పుకోలేదు.

ఆ కొద్ది నిమిషాలు

చివరి రౌండు అయిపోయింది. బోర్డు మీద మొత్తాలు పడ్డాయి. ఇప్పుడు ఆర్వో పైకి చదివి ఆగాలి. వెంటనే సంతకం పెట్టెయ్యకూడదు. ఓడిన అభ్యర్థికి మళ్లీ లెక్కించమని అడిగేందుకు తగినంత అవకాశం ఇవ్వాలని నిబంధన 63 చెబుతోంది. ఎన్ని నిమిషాలన్నది అందులో లేదు. ఆ వ్యవధిలోనే కారణాలు చూపిస్తూ కాగితం మీద రాసివ్వాలి. కేకలు వేస్తే చాలదు, బల్లలు చరిస్తే అసలే చాలదు. ఆర్వో ఒప్పుకోవచ్చు, కొంతవరకే ఒప్పుకోవచ్చు, తోసిపుచ్చొచ్చు. ఏం చేసినా కారణం రాసిపెట్టాలి. ఫారం 20 మీద సంతకం పడ్డాక మాత్రం ఎవరడిగినా ఆ హాల్లో మళ్లీ లెక్కింపు ఉండదు. ఓడుతున్నామని తెలిసి అలిగి ముందే వెళ్లిపోయే ఏజెంట్లు పోగొట్టుకునేది సరిగ్గా ఈ నిమిషాలనే.

తేడా ఎంత సన్నగా ఉంటుందో కర్ణాటకలోని సంతెమరహళ్లిని అడగాలి. 2004లో అక్కడ ధ్రువనారాయణకి 40,752 ఓట్లు, ఎ.ఆర్.కృష్ణమూర్తికి 40,751. పోలింగ్ రోజు తీరిక దొరక్క కృష్ణమూర్తి కారు డ్రైవరు ఓటే వెయ్యలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలోనూ ఇదే కథ. అప్పటి ఆ రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్షుడు సి.పి.జోషి 62,215 దగ్గర ఆగిపోయారు, ప్రత్యర్థికి ఒకటి ఎక్కువ. మన అనకాపల్లిలో 1989 లోక్‌సభ ఎన్నికల్లో కొణతాల రామకృష్ణ గెలిచింది 9 ఓట్లతో. ఆ డ్రైవరు కథ చెప్పేవాళ్లంతా ఒక సంగతి మరిచిపోతారు. అతను ఓటేసి ఉంటే కృష్ణమూర్తి గెలిచేవారు కాదు, ఇద్దరూ సమానమయ్యేవారు. అప్పుడు 65వ సెక్షన్ ప్రకారం ఆర్వో చీటీ తీయాలి. చీటీ ఎవరికి వస్తే వాళ్లకి ఒక ఓటు అదనంగా పడినట్టు లెక్క. ఎవరూ వెయ్యని, ఏ యంత్రంలోనూ నమోదు కాని ఆ ఓటు చట్టం ముందు మిగతా 40 వేల ఓట్లతో సమానమే.

అన్నీ అయ్యాక ఆర్వో ఫారం 21సి నింపి ఫలితం ప్రకటిస్తారు. ఆ తేదీయే ఎన్నికైన తేదీ. గెలిచినవారికి ఫారం 22 ఇస్తారు. ఫొటోల్లో అభ్యర్థి, అధికారి చెరో కొస పట్టుకుని నవ్వుతూ కనిపించే కాగితం ఇదే. అది అందినట్టు గెలిచిన మనిషి చేత సంతకం పెట్టించుకుని, ఆ రసీదుని శాసనసభ కార్యదర్శికి రిజిస్టరు పోస్టులో పంపాలని 1961లో రాశారు. తర్వాత ఎన్నికైన వారందరి పేర్లతో ఎన్నికల సంఘం నోటిఫికేషన్ ఇస్తుంది. అది వెలువడితేనే కొత్త సభ ఏర్పడినట్టు. గవర్నరు ఎవరిని పిలవాలన్నా, ఎవరు ఎవరితో కలిసి ఏ హోటలుకి బస్సెక్కినా, అన్నిటికీ మూలం ఈ కాగితాల వరసే.

ధర్మపురి తాళాలు

సంతకం అయిపోయింది, నమ్మకం మాత్రం కుదరలేదు. ఓడినవారు ఏం చెయ్యాలి? 45 రోజుల్లోగా హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వెయ్యాలి. 2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు ఇంకో దారి కూడా తెరిచింది. రెండు, మూడు స్థానాల్లో వచ్చినవాళ్లు ఫలితం వచ్చిన ఏడు రోజుల్లోగా రాతపూర్వకంగా అడిగితే 5 శాతం యంత్రాల లోపలి చిప్‌లను ఇంజినీర్లు పరిశీలిస్తారు. ఖర్చు అడిగినవాళ్లదే. ఆ ఏడాది ఒంగోలులో ఓడిన బాలినేని శ్రీనివాసరెడ్డి 12 కేంద్రాల యంత్రాలకు దరఖాస్తు చేశారు. తీరా చూస్తే చేస్తామన్నది మాక్ పోలింగు. మేం అడిగింది ఇది కాదంటూ ఆయన హైకోర్టుకి వెళ్లారు.

పిటిషన్ దారి ఎలా ఉంటుందో తెలియాలంటే జగిత్యాల జిల్లా ధర్మపురికి వెళ్లాలి. 2018 డిసెంబరులో అక్కడ తెరాస అభ్యర్థి కొప్పుల ఈశ్వర్ 441 ఓట్ల తేడాతో గెలిచారు. లెక్కింపులో అవకతవకలు జరిగాయంటూ కాంగ్రెస్ అభ్యర్థి అడ్లూరి లక్ష్మణ్‌కుమార్ హైకోర్టుకి వెళ్లారు. ఇలాంటి పిటిషన్లను ఆరు నెలల్లో ముగించేందుకు ప్రయత్నించాలని చట్టం చెబుతుంది. ఏళ్లు గడిచాయి. ఈశ్వర్ మంత్రి అయ్యారు. 2023 ఏప్రిల్‌లో కోర్టు ఆనాటి పత్రాలు తెమ్మంది. స్ట్రాంగ్‌రూం తెరుద్దామని అధికారులు వెళ్తే తాళం చెవులు లేవు!

ఎవరి దగ్గరున్నాయి, ఎవరు ఎవరికి అప్పగించారు, ఆ మధ్య ఎంతమంది కలెక్టర్లు మారారు... విచారణలు నడిచాయి. చివరికి హైకోర్టు అనుమతితో తాళాలు పగలగొట్టారు. మీట నొక్కితే క్షణంలో లెక్క చెప్పే యంత్రాలు, సీసీ కెమెరాలు, మూడంచెల కాపలా అన్నీ ఉన్న వ్యవస్థలో, నాలుగున్నరేళ్ల తర్వాత ఆనాటి కాగితం కావాలంటే సుత్తి అవసరమైంది. అదే ఏడాది సెప్టెంబరులో హైకోర్టు పిటిషన్‌ని కొట్టేసింది. అప్పటికి ఆ సభ గడువే ముగింపుకొచ్చింది, మళ్లీ ఎన్నికలు ముంచుకొచ్చాయి.

2023 డిసెంబరు 3న ధర్మపురి ఓట్లు మరోసారి లెక్కించారు. అభ్యర్థులు మళ్లీ ఆ ఇద్దరే. ఈసారి ఇరవై వేలకు పైగా ఆధిక్యంతో ఫారం 22 అందుకున్నది లక్ష్మణ్‌కుమార్.